గ్వానహ్వాతో రాత్రులు
వెండి కొండల పట్నాలు – 6వ భాగం

గత భాగంలో మనం వలెన్సియానా గనిలోకి దిగి చూశాం. కొవ్వొత్తి వెలుగులో రాయి పగలగొట్టే బారెతేరోలను, వంద కిలోలకు పైబడిన ఖనిజాన్ని వీపుకు కట్టుకుని మెట్లెక్కే తెనతేరోలను చూశాం. వాళ్ల చెమట మీద ఆంతోనియో దె ఒబ్రెగోన్ అనే యజమాని వలెన్సియానా కౌంట్‌గా ఎదగడమూ చూశాం. అదంతా పగటి కథ. ఆ కూలీలు గని నోట్లోంచి బయటపడి, మొహం కడుక్కుని, చేతిలో డబ్బుతో పట్నంలోకి దిగాక ఏం జరిగేదో ఈ భాగంలో చెప్పుకుందాం.

ముందు పట్నం నైసర్గిక స్వరూపం తెలియాలి. గ్వానహ్వాతో సముద్ర మట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున, ఇరుకైన లోయలో ఉంది. స్పానిష్ వాళ్లు మెక్సికోలో కట్టిన పట్నాలు చాలావరకు గళ్ల నుడికట్టులా తిన్నగా ఉంటాయి. నడుమ పెద్ద చౌకం, దాని చుట్టూ చర్చి, కచేరీ, అంగళ్లు. ఇక్కడ ఆ లెక్క కుదరలేదు. అడుగున ఏరు, రెండు పక్కలా కొండ. ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కాయి. వీధులు సందులయ్యాయి, సందులు మెట్లయ్యాయి. ఒక ఇంట్లో గిటారు మీటితే పది ఇళ్లకు వినిపించేది. ఈ ఊళ్లో గోప్యంగా పాడుకోవడం కుదిరే పని కాదు.

ఈ పట్నం రాత్రుల చరిత్రంతా ఒక పెనుగులాట అని నాకనిపిస్తుంది. ఆటనూ పాటనూ నాలుగు గోడల మధ్య పెట్టి గుమ్మం దగ్గర సుంకం పట్టాలని పాలకులు చూశారు. దాన్ని మళ్లీ సందుల్లోకి లాక్కొచ్చారు జనం. రాజులు మారారు, దేశమే మారింది, ఆ పెనుగులాట మాత్రం ఆగలేదు.

18వ శతాబ్దపు గని కూలీ కట్టుబానిస కాదు. 1803లో ఇక్కడికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాడు. పట్నంలో 41,000 మంది, చుట్టుపక్కల గనుల్లో మరో 29,600 మంది ఉన్నారని కూడా ఆయన లెక్క రాశాడు. ఆ కాలానికి అది మహానగరం కిందే లెక్క. రోజుకూలి కాక, తవ్విన ఖనిజంలో కొంత భాగం కూలీకి వచ్చే ఆచారం ఉండేది. దాన్ని పర్తీదో అనేవారు. మంచి సిర తగిలిన వారం కూలీ కూడా చిన్న షావుకారే. తన వాటా రాళ్లను చిన్న చిన్న శుద్ధి బట్టీల వాళ్లకు అమ్ముకుని, ఆ డబ్బుతో వారాంతంలో బజారులోకి దిగేవాడు. చేతికొచ్చింది చేతిలో నిలిచేది కాదు. రేపు సొరంగం కూలితే ఉంటాడో ఉండడో తెలియనివాడు ఎవరికోసం దాచుకుంటాడు? పట్టు చేతిరుమాళ్లు, వెండి గుండీల చొక్కాలు, జూదం, మందు. సోమవారం పనికి ఎగనామం పెట్టడం ఎంత మామూలంటే, ఆ రోజుకు ‘పునీత సోమవారం’ అనే అర్థంలో సాన్ లూనెస్ అని పండుగ పేరే పెట్టుకున్నారు.

ఆ పర్తీదోను కోసెయ్యాలని చూసిన యజమానులకు గట్టి దెబ్బే తగిలింది. పచూకా దగ్గరి రియాల్ దెల్ మోంతె గనుల్లో 1766లో కూలీలు పని ఆపేసి యజమాని రొమేరో దె తెర్రేరోస్‌ను ఎదిరించారు. ఆ ఏడూ, మరుసటి ఏడూ గ్వానహ్వాతోలోనూ అల్లర్లు చెలరేగాయి. పొగాకును ప్రభుత్వమే అమ్మాలన్న కొత్త ఏర్పాటు మీద, సుంకాల మీద, ఆ తర్వాత జెసూట్ పాదరీలను దేశం నుంచి వెళ్లగొట్టడం మీద జనం తిరగబడ్డారు. రాజు తరఫున తనిఖీకి వచ్చిన హోసె దె గాల్వెస్ కొందరిని ఉరి తీయించాడు. పొగాకు మీద పన్నుకు ఊరు ఊరంతా లేచిందంటే వింతగా తోచవచ్చు. కానీ చుట్టా, పేకముక్క, చుక్క మందు, ఈ మూడే గని కూలీకి దొరికే సుఖాలు. పొగాకు మీదా పేకముక్కల మీదా రాజుదే గుత్తాధిపత్యం. మూడోదాని సంగతి మరీ చిత్రమైనది.

మెక్సికో ఎత్తు భూముల పాత పానీయం పుల్కే. మాగే అనే, కలబందను పోలిన పెద్ద మొక్క నడుమ గుంట తొలిచి, ఊరిన తియ్యటి రసాన్ని పులియబెడతారు. పాలలా తెల్లగా, కాస్త జిగురుగా ఉంటుంది. మన కల్లు మాదిరే పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు, మర్నాటికి పనికిరాదు. అందుకే పుల్కే మరీ దూరం పోయేది కాదు. దాన్ని అమ్మే పుల్కేరియాల మీద సర్కారు కన్ను ఎప్పుడూ ఉండేది. 1692లో మెక్సికో నగరంలో తిండిగింజల కరువుతో అల్లర్లు రేగితే నెపం పుల్కే మీదకు నెట్టి నిషేధించారు. సుంకం పడిపోయింది. ఐదేళ్లకే నిషేధం ఎత్తేశారు.

చెరుకు మడ్డితో కాచే చింగిరీతో అనే నాటుసారాది ఇంకో కథ. స్పెయిన్ నుంచి ఓడల్లో వచ్చే బ్రాందీ వ్యాపారులకు నష్టం రాకూడదని దాన్ని దశాబ్దాలపాటు నిషేధంలో ఉంచారు. పట్టుకోవడానికి ప్రత్యేక న్యాయస్థానమే పెట్టారు. అయినా కొండ సందుల్లో అది అమ్ముడుపోతూనే ఉంది. ఆపలేమని తేలాక 1796లో చట్టబద్ధం చేసి పన్ను వేశారు. జనం ఆరోగ్యం మీద బెంగతో మొదలైన నిషేధం కాదు కాబట్టే అంత సులువుగా ముగిసింది.

కోడిపందేలదీ అదే దారి. పందెం వేయించే హక్కును గుత్తకిచ్చేవారు. గుత్తేదారు ఖజానాకు సొమ్ము కట్టి, గుండ్రటి పందెం బరికి కంచె కట్టి, గుమ్మం దగ్గర డబ్బులు వసూలు చేసుకునేవాడు. బరిలో గని యజమాని పుంజూ గని కూలీ పుంజూ తలపడవచ్చు. పగలు ఎదురుపడితే టోపీ తీసి వంగాల్సిన మనిషి, రాత్రి బరి చుట్టూ అరుపుల్లో పక్కన నిలబడేవాడు. గుత్తేదారుకు తెలియకుండా పెరట్లో వేసే పందేలు వీటికి అదనం.

సుంకం వెయ్యడానికి వీలులేనిది నాట్యం. దాని మీదికి చర్చి వచ్చింది. హరాబే అనే జంట నాట్యాలు అప్పటికి జనంలో పాకిపోయాయి. గిటారు, తాళం, కాలి మడమల చప్పుడు, ఎదుటి మనిషిని కవ్విస్తూ పాట. వాటిలో పిల్లుల సరసాన్ని అభినయించే హరాబే గతూనో అనే నాట్యాన్ని 1802లో వైస్రాయ్ మార్కీనా పేరుపెట్టి నిషేధించాడు. ఆడినవాళ్లకే కాదు, చూస్తూ నిలబడ్డవాళ్లకూ శిక్ష ఉంటుందన్నాడు. చూసేవాళ్లను కూడా శిక్షించాల్సి వచ్చిందంటే ఎంతమంది చూసేవారో ఊహించుకోవచ్చు. హరాబే చావలేదు. స్వాతంత్ర్యం తర్వాత అదే మెక్సికో జాతీయ నాట్యమై కూర్చుంది.

ఇక పై మెట్టు జనం. గ్వానహ్వాతోలో 18వ శతాబ్దం చివరికి ఒక నాటకశాల వెలిసింది. తర్వాత దానికే తెయాత్రో ప్రిన్సిపాల్ అని పేరు. 1792లో జిల్లా అధిపతిగా వచ్చిన హువాన్ ఆంతోనియో దె రియాన్యో చదువుకున్నవాడు, నిజాయతీపరుడని పేరు. ఆయన భార్య విక్తోరియా ఫ్రెంచ్ మూలాలున్న కుటుంబం బిడ్డ. వాళ్లింట్లో సాయంకాలాలు ఫ్రెంచ్ మాటలు, సంగీతం, బొమ్మల గీత, సాహిత్య చర్చలు నడిచేవి. పట్నపు కుర్రకారుకు ఈ అభిరుచులు అంటించింది ఆ ఇల్లేనని, ఇక్కడే పుట్టిన చరిత్రకారుడు లూకాస్ ఆలమాన్ తర్వాత రాసుకున్నాడు.

అదే కాలంలో, అదే రాష్ట్రంలో, సాన్ ఫెలీపె అనే చిన్న ఊళ్లో ఇంకో ఇల్లు ఉండేది. అది ఊరి పాదరీ ఇల్లు. అక్కడ సంగీత మేళం సాధన చేసేది, పేకాట నడిచేది, నాట్యం ఉండేది. పాదరీ స్వయంగా మొలియేర్ నాటకాలు అనువదించి ఆడించేవాడు. దొంగభక్తుడి బండారం బయటపెట్టే ‘తార్త్యూఫ్’ కూడా వాటిలో ఉంది. ఒక పాదరీ ఆ నాటకం వేయించడమంటే ఎంత తెగువో! పెద్దింటి మనిషీ, కులం తక్కువని అందరూ నెట్టేసిన మనిషీ ఒకే గదిలో కూర్చునేవారట. ఊరివాళ్లు ఆ ఇంటిని ‘చిన్న ఫ్రాన్స్’ అన్నారు. ఆ పాదరీ పేరు మిగెల్ హిదాల్గో.

రియాన్యో, హిదాల్గో ఒకరికొకరు తెలిసినవాళ్లు, స్నేహితులు. 1810 సెప్టెంబర్ 28న వేలమంది తిరుగుబాటుదారులతో హిదాల్గో గ్వానహ్వాతో మీదికి వచ్చాడు. రియాన్యో స్పానిష్ కుటుంబాలనూ ఖజానానూ తీసుకుని ఆలోందిగా దె గ్రనాదీతాస్ అనే ధాన్యపు కొట్టంలో తలుపులు వేసుకున్నాడు. లొంగిపొమ్మని రాసిన ఉత్తరంతోపాటు, కుటుంబానికి రక్షణ ఇస్తానని పాత స్నేహం కొద్దీ విడిగా కబురు కూడా పంపాడు హిదాల్గో. రియాన్యో ఒప్పుకోలేదు. పోరు మొదలైన కాసేపటికే తూటా తగిలి చనిపోయాడు. కొట్టం పడింది, లోపలివాళ్లు ఊచకోతకు గురయ్యారు, పట్నం దోపిడీ అయింది. మరుసటి ఏడు హిదాల్గో తల నరికి, అదే కొట్టం మూలన ఇనుప పంజరంలో వేలాడదీశారు. 1821 దాకా అది అక్కడే ఉంది. సంగీతం, మొలియేర్, పేకాట తెలిసిన ఆ రెండు ఇళ్ల సాయంకాలాలు ఇలా ముగిశాయి. ఈ ధారావాహికలో నన్ను ఎక్కువగా కలచివేసిన ఘట్టం ఇదే.

ఆ తర్వాతి యాభై ఏళ్లు వేగంగా దాటేద్దాం. గనులు నీట మునిగాయి. ఆంగ్లేయ కంపెనీలు వచ్చి డబ్బు పోశాయి. ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. మన కథకు ముఖ్యమైన మలుపు 1850ల చివర, 60ల మొదట వచ్చిన సంస్కరణ చట్టాలు. బెనీతో హువారెస్ ప్రభుత్వం మఠాలను మూయించి, చర్చి ఆస్తులను స్వాధీనం చేసుకుంది. గ్వానహ్వాతో నడిబొడ్డున సాన్ దియేగో చర్చిని ఆనుకుని ఉన్న మఠం అలా పోయింది. దాని ముందు స్థలం హర్దీన్ దె లా ఉనియోన్ అనే ముక్కోణపు తోట అయింది. తోట చుట్టూ వేసిన చెట్లను అక్కడ ‘ఇండియా లారెల్’ అంటారు. అవి మన మర్రి, జువ్వి కుటుంబానివే. మఠం ఉన్నచోట నాటకశాల కట్టాలని 1870ల మొదట్లో గవర్నర్ ఆంతియ్యోన్ పూనుకున్నాడు. వాస్తుశిల్పి హోసె నోరియేగా పని మొదలుపెట్టాడు. అంతలో రాజకీయం మారింది, పని ఆగింది. ఏళ్లతరబడి ఆ గోడలు సగంలోనే నిలబడ్డాయి.

1893లో మళ్లీ చేతబట్టినవాడు ఆంతోనియో రీవాస్ మెర్కాదో. మెక్సికో నగరంలో ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే స్వాతంత్ర్య స్తంభం కూడా ఆయనదే. ముందు భాగంలో రోమన్ తరహా స్తంభాలు, పైన కళాదేవతల విగ్రహాలు. గ్రీకు కథల్లో తొమ్మిదిమంది, ఇక్కడ ఎనిమిదిమందే. లోపలికి అడుగుపెడితే పూర్తిగా వేరే లోకం. ఎరుపు, నీలం, బంగారు రంగుల్లో అరబ్బు అల్లికలు, తెర మీద కాన్‌స్టాంటినోపుల్ రేవు దృశ్యం. 1903 అక్టోబర్ 27న అధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ స్వయంగా వచ్చి ప్రారంభించాడు. వెర్ది సంగీతరూపకం ‘ఐదా’ ప్రదర్శించారు. నాటకశాలకు పెట్టిన పేరు తెయాత్రో హువారెస్. మఠాన్ని మూయించినవాడి పేరే మఠం స్థలంలో వెలిసిన నాటకశాలకు దక్కింది.

ఆ రోజుల్లోనే పట్నానికి కొత్త వెలుగూ వచ్చింది. అమెరికన్ పెట్టుబడితో పెట్టిన విద్యుత్ కంపెనీ, సుమారు 160 కిలోమీటర్ల అవతలి జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, 60,000 వోల్టుల తీగల మీద ఇక్కడికి చేర్చింది. తీగలు మోయడానికి కొయ్య స్తంభాలకు బదులు గాలిమరల కోసం తయారయ్యే ఉక్కు బురుజులు తెచ్చి పాతారు. అంత దూరం అంత వోల్టేజీ పంపడం ఆనాటి ఇంజనీర్లకు పెద్ద వార్త. కరెంటు మొదట కావలసింది గనులకు. కానీ దాని వెలుగు తోటలోనూ పడింది. అంతకుముందు ఓకోతే అనే దేవదారు దివిటీలు, తర్వాత నూనె దీపాలు వెలిగిన చోట రాత్రి పొడవు పెరిగింది.

నాటకశాలలోకి కూలీలెవరూ వెళ్లలేదు. టిక్కెట్టు ధర మాట అటుంచి, ఆ కార్పెట్ల మీద గరుకు చెప్పులకు చోటెక్కడిది? వాళ్లది బయటి తోట. వారంలో రెండు సాయంత్రాలు మండపంలో బ్యాండు మేళం వాయించేది. దాన్ని సెరెనాతా అనేవారు. అబ్బాయిలు ఒక దిక్కుగా, అమ్మాయిలు ఎదురు దిక్కుగా తోట చుట్టూ తిరిగేవారు. ఒక్కో చుట్టులో రెండుసార్లు ఎదురుపడతారు. మొదటి చుట్టులో చూపు, రెండో చుట్టులో నవ్వు, మూడో చుట్టులో పువ్వు. పెద్దవాళ్లు బెంచీల మీద కూర్చుని అన్నీ గమనిస్తుండేవారు. అక్కడ పెళ్లిళ్లు ఎన్ని కుదిరాయో లెక్కలేదు. గని కార్మికుల ఇలవేల్పు దొలోరెస్ మాతకు గుడ్ ఫ్రైడేకు వారం ముందు వచ్చే శుక్రవారం బలిపీఠాలు అలంకరించి, తోటలో ఆడవాళ్లకు పువ్వులిచ్చే ఆనవాయితీ నేటికీ ఉంది.

తోట దాటితే కాంతీనా. పుల్కేరియా పల్లె మనిషిది, కాంతీనా పట్నపు మగాడిది. ఊగే తలుపులు, పొడవాటి చెక్క బల్ల, దొమినో ముక్కల చప్పుడు, తోలు గిన్నెలో పాచికలు గలగలలాడించే కుబిలేతె ఆట. మందు తాగేవాడికి బొతానా అనే చిరుతిండి ఊరికే పెట్టేవారు. స్త్రీలకు, పిల్లలకు, యూనిఫాంలో ఉన్నవాళ్లకు ప్రవేశం లేదని గుమ్మం మీద బోర్డు. ఆ బోర్డు 1980ల దాకా చెల్లుబాటయింది. తల్లులు, భార్యలు జీతం రోజు రాత్రి ఆ తలుపుల బయట నిలబడేవారు. కాంతీనా మీద పాటలు రాసిన మగాళ్లెవరూ వాళ్ల గురించి రాయలేదు. ఇక్కడి చరిత్ర రాసేవాళ్లు ఇకనైనా రాయాలి.

1905 జులైలో ఏరు పొంగి పట్నాన్ని ముంచేసింది. 1910లో విప్లవం మొదలై మరుసటి ఏడు దియాస్ పారిపోయాడు. వెండి ధర పడిపోయింది, జనం వలసపోయారు. తెయాత్రో ప్రిన్సిపాల్ 1921లో కాలిపోయింది. హువారెస్ నాటకశాలలో ఐదాలు ఎప్పుడో ఆగిపోయాయి. సగం ఇళ్లకు తాళాలు. రాత్రి తొమ్మిదైతే పట్నం చడీచప్పుడు లేకుండా పడుకునేది.

దాన్ని లేపింది ఒక అధ్యాపకుడు. 1945లో విశ్వవిద్యాలయమైన స్థానిక కళాశాలలో ఎన్రీకె రుయేలాస్ నాటకం నేర్పేవాడు. ఆయనకు నాటకశాల అక్కర్లేకపోయింది. సాన్ రోకె చర్చి ముందున్న చిన్న చౌకం చూశాడు. రాళ్లు పరిచిన నేల, నడుమ రాతి శిలువ, చుట్టూ పాత ఇళ్ల కిటికీలు. 1953 ఫిబ్రవరి 20 రాత్రి అక్కడ సెర్వాంతెస్ రాసిన చిన్న హాస్య నాటికలు ఆడించాడు. విద్యార్థులు, అధ్యాపకులు, ఊళ్లో చేతిపనులు చేసుకునేవాళ్లు వేషాలు కట్టారు. గుర్రాలు నిజంగానే చౌకంలోకి పరుగెత్తుకొచ్చాయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ కిటికీలను రంగస్థలంలో భాగం చేశారు.

సెర్వాంతెస్‌కు ఈ గడ్డతో తీరని బాకీ ఒకటుంది. 1590లో ఆయన అమెరికాలో ఉద్యోగం ఇప్పించమని స్పెయిన్ రాజుకు అర్జీ పెట్టుకున్నాడు. అడిగిన కొలువుల్లో ఒకటి సొకొనుస్కో గవర్నరు పదవి. ఆ ప్రాంతం నేటి మెక్సికోలోనే ఉంది. ఇక్కడే ఏదైనా చూసుకోమని అర్జీ తోసిపుచ్చారు. మనిషి రాలేకపోయాడు, 363 ఏళ్లకు ఆయన నాటికలు కొండ సందుల్లో రాజ్యమేలాయి.

రుయేలాస్ నాటికలు ఏటా సాగాయి. వాటిలోంచే 1972లో అంతర్జాతీయ సెర్వాంతీనో ఉత్సవం పుట్టింది. అక్టోబరులో జరిగే ఆ ఉత్సవానికి దేశదేశాల నాట్య, నాటక, సంగీత బృందాలు వస్తాయి. హువారెస్ నాటకశాల తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. చిత్రమేమంటే ఇప్పుడు దాని మెట్లే ఊరికి గ్యాలరీ. టిక్కెట్టు లేనివాళ్లు సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుని కింద వీధిలో విదూషకులు చేసే ఆటలు చూస్తారు.

1960ల మొదట్లో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎస్తుదియాంతీనా అనే గాన బృందం కట్టారు. నల్లటి వెల్వెట్ దుస్తులు, బుజాల మీద పై వస్త్రం, గిటార్లు, మాండొలిన్లు. పాడుకుంటూ సందుల వెంట సాగుతారు, వెనక జనం నడుస్తారు. ఆ నడకే కయెహోనియాదా. ఇరువైపులా బాల్కనీలు 68 సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా ఉండే ‘ముద్దుల సందు’ దగ్గర ఆగి, ప్రేమికుల కథ చెప్పి, మళ్లీ కదులుతారు. ఆ దుస్తులు చూసి ఇది 17వ శతాబ్దం నుంచి వస్తున్న ఆచారమని యాత్రికులు నమ్ముతారు. స్పెయిన్ విద్యార్థుల పాత అలవాటు ఆధారమే కానీ, ఇక్కడి బృందం వయసు అరవై పైచిలుకే. అందువల్ల దాని విలువేమీ తగ్గదు. ముందే చెప్పాను, ఈ పట్నంలో పాట ఎప్పుడూ సందుదే. ఎస్తుదియాంతీనా దానికి దుస్తులు తొడిగింది.

1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక రాత్రి మళ్లీ పట్నానికి ప్రధాన ఆదాయమైంది. దాంతో పాత పెనుగులాట కొత్త రూపంలో తిరిగొచ్చింది. అక్టోబరులో తాగి తందనాలాడే గుంపులతో సందుల్లో కాపురముండేవాళ్లకు నిద్ర ఉండదు. ఇళ్లు బసలుగా మారుతున్నాయి. కూలీల మనవలు కొండ పైకి, ఇంకా పైకి జరుగుతున్నారు. ఉత్సవం వద్దనే హక్కు ఎవరికీ లేదు, కానీ పాడేందుకు సందులుండి వినేందుకు ఇరుగుపొరుగు లేకపోతే అది గ్వానహ్వాతో రాత్రి కాదని నా అభిప్రాయం. నగరపాలకులు లైసెన్సుల లెక్కతోపాటు కాపురాల లెక్క కూడా చూడాలి.

వచ్చే భాగంలో ఇంకాస్త ఉత్తరానికి, ఇంకాస్త ఎత్తుకు వెళదాం. సకతేకాస్‌లో సందుల ఊరేగింపుకు గిటార్లుండవు, డప్పులూ బూరలూ ఉంటాయి. ముందు మెస్కాల్ మోసే గాడిద నడుస్తుంది, వెంట నడిచేవాళ్ల మెడల్లో చిన్న మట్టి ముంతలు వేలాడుతుంటాయి. అక్కడ ఎద్దుల పోటీల గోదా హోటలయింది, ఎదేన్ గని సొరంగంలో నాట్యశాల వెలిసింది. 1889లో కాలిపోయిన కాల్దెరోన్ నాటకశాలను ఆ పట్నం 1897కల్లా మళ్లీ నిలబెట్టుకుంది. కథను అక్కడి నుంచే మొదలుపెడదాం.